పెరట్లో చుక్కలు చూడాలంటే ముందు గాలిని చూడాలి

పల్లెటూళ్లో ఉంటే చాలు, రోజూ ఆకాశం నిండా చుక్కలే అనుకుంటారు సిటీలో ఉండేవాళ్లు. చీకటి వరకూ ఆ మాట నిజమే. కానీ కోతలై కొయ్యకాళ్లు తగలబెట్టే వారంలో, అమావాస్య రాత్రి ఊళ్లో నిలబడి తలెత్తి చూడండి. నడినెత్తిన నాలుగు పెద్ద చుక్కలు, మిగతాదంతా బూడిద రంగు. తుపాను దాటిపోయి మబ్బు విడిచిన రాత్రి అదే పెరట్లోంచి పాలపుంత దాని మధ్య నల్లటి చీలికలతో సహా కనిపిస్తుంది. రెండు రోజుల్లోనూ చీకటి ఒకటే, గాలి మారింది.

అందుకే టెలిస్కోప్ కొనేముందు గాలిని అంచనా వేయడం నేర్చుకోండి. దీనికి పైసా ఖర్చు లేదు. పది రాత్రులు గమనిస్తే వచ్చేస్తుంది.

గాలి మనకు రెండు రకాలుగా అడ్డొస్తుంది. ఒకటి మసక. పొగ, దుమ్ము, తేమ కలిసి చుక్క నుంచి వచ్చే వెలుగును కొంత మింగేస్తాయి, కొంత చెదరగొడతాయి. అవే కింద ఉన్న వీధి దీపాల వెలుగును పైకి చిమ్మి ఆకాశాన్ని తెల్లగా చేస్తాయి. అంటే దెబ్బ రెండు వైపులా పడుతుంది. రెండోది వణుకు. వేడి గాలి, చల్ల గాలి పొరలుగా కదులుతుంటే వాటిలోంచి వచ్చే వెలుగు నిలకడగా ఉండదు. చుక్కలు మిలమిలలాడేది అందుకే. కంటికి అది ముచ్చటగానే ఉంటుంది కానీ టెలిస్కోప్‌లో గురుగ్రహం పట్టీలు చెరిగిపోయేది కూడా దానివల్లే.

మసక, వణుకు ఒకే రాత్రి రెండూ తగ్గడం అరుదు. వాన వెలిసి గాలి వీస్తున్న రాత్రి ఆకాశం కడిగినట్టుంటుంది, చుక్కలు మాత్రం తెగ వణుకుతాయి. గాలి ఆడని మసక రాత్రి చిన్న చుక్కలు కనిపించవు, గ్రహాలు మాత్రం బొమ్మ గీసినట్టు నిలబడతాయి. ఈ తేడా తెలిస్తే ‘ఈరోజు ఆకాశం బాగోలేదు’ అని లోపలికి వెళ్లిపోవాల్సిన పని చాలావరకు ఉండదు.

1. పగలే మొదలుపెట్టండి

మధ్యాహ్నం ఇంటి గోడ చాటునో, స్తంభం చాటునో నిలబడి సూర్యబింబం పూర్తిగా కనబడకుండా చూసుకోండి. సూర్యుడి వైపు నేరుగా చూడొద్దు, పిల్లలు పక్కనుంటే మరీ జాగ్రత్త. ఇప్పుడు ఆ గోడ అంచు పక్కనున్న ఆకాశం ఏ రంగులో ఉందో గమనించండి. నీలం దాదాపు అంచు దాకా వచ్చిందంటే రాత్రికి ఆశ పెట్టుకోవచ్చు. సూర్యుడి చుట్టూ పెద్ద తెల్లటి వెలుగు పరుచుకుని, నీలం ఎక్కడో దూరంగా మొదలైతే గాలిలో దుమ్మో పొగో బాగా ఉన్నట్టు.

సాయంత్రం ఇంకో పరీక్ష. పొద్దు వాలేటప్పుడు సూర్యుడు నేలను తాకేదాకా కనిపించాడా, లేక అంతకంటే పైనే ఎర్రటి బిళ్లలా మసకబారి మాయమయ్యాడా? మాయమైతే ఆ రాత్రి పడమటి ఆకాశం కింది భాగం మీద ఆశ వదులుకోండి. మార్చి, ఏప్రిల్‌లో తెలంగాణ పల్లెల్లో ఇది మామూలే.

శాటిలైట్ చిత్రాలు కూడా పనికొస్తాయి. వాతావరణ శాఖ పెట్టే ఇన్సాట్ చిత్రాల్లో మబ్బు ఎటు కదులుతోందో తెలుస్తుంది. నాసా వాళ్ల ఫర్మ్స్ మ్యాప్‌లో ఎక్కడెక్కడ మంటలున్నాయో చుక్కలుగా చూపిస్తారు, కాకపోతే కొన్ని గంటలు ఆలస్యంగా. గాలి నాణ్యత కొలిచే స్టేషన్లు ఎక్కువగా నగరాల్లోనే ఉన్నాయి కాబట్టి ఫోన్లో కనిపించే ఏక్యూఐ అంకె మీ ఊరిది కాకపోవచ్చు. వీటన్నిటికంటే నమ్మకమైనది ఊళ్లో మాటే. పక్క చేను వాళ్లను “బాబాయ్, కొయ్యలు ఎప్పుడు కాలుస్తున్నావు?” అని అడిగితే ఏ రోజు బయట కూర్చోకూడదో అప్పుడే తెలిసిపోతుంది.

2. ఊరి పొగ ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు తగ్గుతుందో చూసుకోండి

ఆరు నుంచి ఎనిమిది దాకా పల్లెలో పొగ వేళ. కట్టెల పొయ్యిలు వెలుగుతాయి, కొట్టంలో పశువులకు దోమలు కుట్టకుండా పొగ వేస్తారు, చలికాలమైతే అరుగుల ముందు చలిమంటలు. చుట్టుపక్కల ఇటుక బట్టీలుంటే వాటి పొగ సరేసరి. అవి పొడి నెలల్లో రాత్రింబవళ్లు కాలుతూనే ఉంటాయి.

ఈ పొగ పైకి పోకుండా ఎందుకు నిలబడిపోతుంది? మబ్బు లేని, గాలి ఆడని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది. దాని పైనున్న గాలి మాత్రం వెచ్చగానే ఉంటుంది. కింది చల్లటి గాలి ఆ వెచ్చటి పొరను దాటి లేవలేదు కనుక పొగంతా గిన్నె మీద మూత పెట్టినట్టు కిందే ఉండిపోతుంది. శీతాకాలం సాయంత్రం పొలం గట్టున నిలబడి చూస్తే తాటిచెట్ల మొవ్వుల ఎత్తులో పొగ బారుగా పరుచుకుని కనిపించేది ఇదే.

దీన్నుంచి పనికొచ్చే సంగతులు రెండున్నాయి. ఒకటి, ఆ పొర పల్చన. నడినెత్తికి చూస్తే పొగలో కొద్ది దూరమే మన చూపు పోతుంది, పక్కకు చూస్తే కిలోమీటర్ల కొద్దీ పోతుంది. కాబట్టి పొగ రాత్రుల్లో నెత్తి మీద ఉన్నవే చూడండి. రెండు, డాబా ఎక్కినంత మాత్రాన ఆ పొర దాటలేరు. ఊరి పక్కన గుట్ట ఉంటే మాత్రం తేడా స్పష్టంగా తెలుస్తుంది.

వంటలై, మంటలు ఆరి, ఊరు సద్దుమణిగాక తొమ్మిదిన్నర, పది నుంచి గాలి కొంత తేటపడుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో చలికాలం అర్ధరాత్రి దాటాక మళ్లీ తేమ పెరిగి, తెల్లవారుజామున పొగమంచు దిగుతుంది. పొగ రేణువులకు తేమ తగిలితే అవి ఉబ్బి వెలుగును ఇంకా ఎక్కువ చెదరగొడతాయి. కాలవలు, చేపల చెరువుల పక్కన ఇది ఇంకా ముందే మొదలవుతుంది. అక్కడివాళ్లకు పది నుంచి ఒంటిగంట లోపే మంచి వేళ. అనంతపురం వైపు పొడి నేలల్లో ఉన్నవాళ్ల అదృష్టం వేరు. వాళ్లు నిద్ర మానుకోకుండా, నాలుగింటికి లేచి చూసుకోవచ్చు.

3. చుక్కలతోనే గాలిని కొలవండి

లైట్లన్నీ ఆపి ఇరవై నిమిషాలు చీకట్లో ఉండండి. ఫోన్ ముట్టుకోవద్దు. ఆ తర్వాత ఉత్తరానికి తిరిగి ధ్రువ నక్షత్రాన్ని వెతకండి.

మన దగ్గర గాలిని కొలవడానికి ధ్రువుణ్ణి మించింది లేదు. ఏ ఊళ్లో చూసినా అది ఆ ఊరి అక్షాంశమెంతో అంత ఎత్తులోనే ఉంటుంది. తిరుపతిలో పదమూడున్నర డిగ్రీలు, విజయవాడలో పదహారున్నర, హైదరాబాద్‌లో పదిహేడు పైన, ఆదిలాబాద్‌లో దాదాపు 20. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. అంటే నేల నుంచి పిడికిలిన్నర, మహా అయితే రెండు పిడికిళ్ల ఎత్తు. ఏడాదంతా, రాత్రంతా అక్కడే ఉంటుంది కాబట్టి ఈరోజుకీ నిన్నటికీ పోల్చడం తేలిక.

నడినెత్తి చుక్క వెలుగు ఎంత గాలిని దాటి వస్తుందో దాన్ని ఒకటి అనుకుంటే, 30 డిగ్రీల ఎత్తులో రెండింతలు, ధ్రువుడి ఎత్తులో మూడింతలకు పైన, 10 డిగ్రీల దగ్గర అయిదున్నర రెట్లు దాటాలి. చుక్కల వెలుగును మాగ్నిట్యూడ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ చుక్క మసకబారినట్టు. తేట గాలిలో ఒక్కో వంతుకు చుక్క కాంతి 0.2 మాగ్నిట్యూడ్ దాకా తగ్గుతుంది. పొగ పట్టిన గాలిలో 0.5 కూడా తగ్గవచ్చు. ధ్రువుడి అసలు కాంతి 2. తేట రాత్రి 2.7 దాకా దిగి కూడా హాయిగా కనిపిస్తుంది. పొగ రాత్రి 3.7 దాకా దిగజారి ఆ పక్క ఊరి దీపాల వెలుగులో కలిసిపోతుంది. కాబట్టి ధ్రువుడు వెంటనే కంటబడితే ఏదైనా చూడొచ్చు. కష్టపడితే గానీ కనబడకపోతే నెత్తి మీదున్న వాటితో సరిపెట్టుకోండి. అసలే లేకపోతే చంద్రుడు, గ్రహాలు.

ఏప్రిల్ నుంచి జూలై దాకా సాయంత్రాలు ఇంకో పరీక్ష ఉంది, మీకు పెళ్లినాడే చూపించి ఉంటారు. సప్తర్షి మండలం తోకలో మధ్య చుక్క వశిష్ఠుడు, దాన్ని ఆనుకుని అరుంధతి. పురోహితుడు పట్టపగలు వేలు చూపిస్తే అందరం తలూపినవాళ్లమే! ఈసారి రాత్రిపూట నిజంగా చూడండి. చూపు బాగుండి కూడా అరుంధతి విడిగా తెలియకపోతే గాలిలో మసక ఉన్నట్టే. నవంబర్ నుంచి మార్చి దాకా కృత్తికలు ఉంటాయి. మామూలు రాత్రి ఆరు లెక్కకు వస్తాయి. ఏడో ఎనిమిదో వస్తే మంచి రాత్రి. చుక్కలు విడివిడిగా తెలియకుండా మసక ముద్దలా ఉంటే మీకు తెలిసిపోయినట్టే.

దక్షిణాన ఏముందో కూడా చూడండి. ఫిబ్రవరిలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో మృగవ్యాధుడు (సిరియస్) అనే బాగా మెరిసే చుక్కకు చాలా కింద, నేలకు సుమారు 20 డిగ్రీల ఎత్తులో అగస్త్య నక్షత్రం ఉంటుంది. ఆకాశంలో రెండో అతి ప్రకాశవంతమైన చుక్క అది. అదే ఎర్రబారి నీరసంగా కనిపిస్తోందంటే దక్షిణపు గాలి ఎలా ఉందో చెప్పనక్కర్లేదు.

టార్చిలైటును పైకి వేసి చూడటం అన్నిటికంటే తేలిక. కాంతి పోయే దారి కర్రలా తెల్లగా కనిపిస్తే దుమ్మో మంచో దట్టంగా ఉంది. వెలుగు పోతోంది గానీ దారి కనబడకపోతే గాలి శుభ్రం. చంద్రుడుంటే ఆయన చుట్టూ వరదగుడి కట్టిందేమో చూడండి. పెద్ద గుడి కడితే చాలా ఎత్తున మంచు స్ఫటికాలతో పల్చటి మబ్బు పరుచుకున్నట్టు. చుక్కలున్నట్టే ఉంటాయి, చిన్నవి మాత్రం చిక్కవు.

వణుకు సంగతి చూడటానికి నడినెత్తి చుక్కలు చాలు. కింద ఉన్నవి ఎప్పుడూ మిలమిలలాడతాయి, వాటిని లెక్కలోకి తీసుకోకండి. నెత్తి మీదివి కూడా గట్టిగా మిణుకుతుంటే ఆ రాత్రి టెలిస్కోప్‌లో ఎక్కువ మాగ్నిఫికేషన్ పెట్టి లాభం లేదు.

4. ఎక్కడ కూర్చోవాలి

కంటితోనో బైనాక్యులర్స్‌తోనో చూసేవాళ్లకు డాబా బాగుంటుంది, ఆకాశం ఎక్కువ కనిపిస్తుంది. టెలిస్కోప్ ఉంటే మాత్రం డాబా మీదకు ఎక్కించకండి. పగలంతా ఎండకు కాలిన శ్లాబు రాత్రి పది దాటినా వేడి కక్కుతూనే ఉంటుంది. ఆ వేడి గాలి సరిగ్గా మీ లెన్సు ముందు నుంచే లేస్తుంది. పెరట్లో మట్టి నేల త్వరగా చల్లబడుతుంది. తప్పనిసరై డాబా మీదే పెట్టాలంటే, వేసవిలో పడుకునే ముందు చల్లినట్టు పొద్దుగూకేటప్పుడే నీళ్లు చల్లి, ఆరేదాకా ఆగండి.

పెరట్లో దుమ్ము ఎక్కువైతే సాయంత్రమే పల్చగా కళ్లాపి చల్లితే అడుగుల కింద దుమ్ము లేవదు. టెలిస్కోప్‌ను అరగంట, పెద్దదైతే గంట ముందే బయట పెట్టండి, గాలితో సమానంగా చల్లబడాలి. మీరు చూసే దిక్కులో పక్కింటి రేకుల కప్పు గానీ, వంటగది పొగగొట్టం గానీ ఉండకూడదు. అగరుబత్తి వెలిగించి పొగ ఎటు పోతోందో చూస్తే గాలివాటం తెలుస్తుంది. గాలి ఎటునుంచి వస్తోందో ఆ వైపు పొలాలే ఉండి, ఊరు మీ వెనక ఉంటే మంచిది.

వీధి లైటు కంట్లో పడుతుంటే గోనెపట్టానో పాత దుప్పటో దండెం మీద అడ్డంగా వేలాడదీయండి. ఎదురింటివాళ్లను “అక్కా, ఒక గంట ఆ బల్బు ఆపుతారా, పిల్లలకు శనిగ్రహం చూపిస్తాను” అని అడిగితే ఎవరూ కాదనరు. పైగా వాళ్లూ వస్తారు.

పురుగూ పుట్రా సంగతి మరవొద్దు. కోతలప్పుడు ఎలకల కోసం పాములు ఇళ్ల వైపు వస్తాయి. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోండి గానీ టార్చి లేకుండా పెరట్లో తిరగొద్దు. పొగకు కళ్లు మండుతున్నా, ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉన్నా ఆ రాత్రికి మానేయడమే మేలు.

5. గాలిని బట్టి ఏం చూడాలి

మసకగా ఉండి గాలి కదలకపోతే చంద్రుడు, గురుడు, శని. చిన్న టెలిస్కోప్‌లో కూడా 50 రెట్లు పెంచితే శని వలయం కనిపిస్తుంది. గురుడి నాలుగు పెద్ద చందమామలకు బైనాక్యులర్స్ చాలు, చేతులు వణకకుండా గోడకో స్తంభానికో ఆనించి చూడండి.

తేటగా ఉండి చుక్కలు వణుకుతుంటే గ్రహాల జోలికి పోకుండా మసక వస్తువుల వెంట పడండి. నవంబర్, డిసెంబర్ సాయంత్రాలు ఆండ్రోమెడా గెలాక్సీ నెత్తికి దగ్గరగా వస్తుంది. మసకకు అన్నిటికంటే ముందు బలైపోయేది అదే. దాని వెలుగు ఒక చోట కాకుండా పరుచుకుని ఉంటుంది కదా, ఆకాశం కాస్త తెల్లబడినా అందులో కలిసిపోతుంది. మృగశిర కింద ఓరియన్ నెబ్యులా అనే వాయువుల మబ్బు గట్టిది, కొంచెం పొగను తట్టుకుంటుంది.

వేసవిలో గాలివాన కొట్టి వెలిసిన రాత్రి దొరికితే దక్షిణం వైపు తిరగండి. మే నెలలో తొమ్మిది, పది గంటలకు నేలకు పాతిక డిగ్రీల ఎత్తులో ఒమేగా సెంటారీ అనే పెద్ద చుక్కల గుంపు ఉంటుంది. బైనాక్యులర్స్‌లో నలిపిన దూదిలా కనిపిస్తుంది. లండన్‌లో ఉన్నవాళ్లకు అది ఎప్పటికీ ఉదయించదు. మనకు ఉదయిస్తుంది గానీ పొగ దాచేస్తుంది.

6. ఏ నెల ఎలా ఉంటుంది

నా ఓటు ఫిబ్రవరికి. చలి మంచు తగ్గుతుంది, వేసవి దుమ్ము ఇంకా లేవదు, మబ్బులు తక్కువ. హైదరాబాద్ దగ్గర రంగాపూర్ అబ్జర్వేటరీ నుంచి 1980లో సంపూర్ణ సూర్యగ్రహణం చూసింది కూడా ఫిబ్రవరి 16నే.

దాని తర్వాత స్థానం అక్టోబర్‌ది. నైరుతి రుతుపవనాలు వెనక్కి మళ్లాక కడిగిన ఆకాశంలో, చీకటి పడగానే నైరుతి దిక్కున పాలపుంత నడిబొడ్డు వాలుతూ కనిపిస్తుంది. నెల్లూరు వైపు, రాయలసీమలో కొంత భాగానికీ అప్పుడే ఈశాన్య వానలు మొదలవుతాయి కాబట్టి వాళ్లకు ఈ మాట పూర్తిగా వర్తించదు. నవంబర్, డిసెంబర్‌లో వానాకాలం పంట కోతలు, ఏప్రిల్, మేలో యాసంగి కోతలు. ఈ రెండు సమయాల్లోనూ కోత మిషన్ వదిలిన కొయ్యలు కాల్చేది ఎక్కువ. కృష్ణా డెల్టాలో వరి మోళ్లలోనే మినుము, పెసర చల్లే చోట్ల ఆ బాధ తక్కువ. మన్యంలో పోడు మంటలు వేసవి మొదట్లో. సంక్రాంతికి భోగిమంటల తెల్లవారుజామున చుక్కల కోసం లేవకండి, మంట దగ్గర కూర్చోండి.

వానాకాలాన్ని పూర్తిగా వదిలేయకండి. మబ్బు విడిచిన రెండు గంటలు ఏడాదిలోకెల్లా శుభ్రమైన గాలి ఉంటుంది. టెన్షన్ మాత్రం తప్పదు. 1868 ఆగస్టు 18న ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరు వచ్చి సంపూర్ణ సూర్యగ్రహణం చూశాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల్ని గ్రహణం లేని రోజుల్లో కూడా చూడవచ్చని అక్కడే కనిపెట్టాడు. ఆగస్టులో మబ్బును నమ్ముకుని సముద్రాలు దాటి రావడానికి ఎంత ధైర్యం కావాలో!

తిథి కూడా చూసుకోండి. సాయంత్రం చూసేవాళ్లకు బహుళ షష్ఠి దాటిన దగ్గర్నుంచి శుద్ధ తదియ దాకా చంద్రుడి అడ్డు పెద్దగా ఉండదు.

7. మంచు, దుమ్ము, లెన్సు

ఆకాశానికి తెరిచి ఉన్న లెన్సు చుట్టూ ఉన్న గాలికంటే ఎక్కువ చల్లబడుతుంది. అందుకే మంచు ముందు దాని మీదే పడుతుంది. టెలిస్కోప్ ముందు నల్ల ఫోమ్ షీటో, యోగా మ్యాట్ ముక్కో గొట్టంలా చుట్టండి. లెన్సు వెడల్పుకు ఒకటిన్నర రెట్లు పొడవుంటే చాలు. చెట్టు కొమ్మల కిందికి కొంచెం జరిగి కూర్చున్నా మంచు తగ్గుతుంది. మంచు పట్టేస్తే తువ్వాలుతో తుడవకండి, హెయిర్ డ్రయర్‌తో తక్కువ వేడి మీద దూరం నుంచి ఆరబెట్టండి.

మూత తడి లెన్సు మీద బిగించి పెట్టెలో పెడితే బూజు పడుతుంది, అది మళ్లీ పోదు. లోపలికి తెచ్చి, నేలవైపు వంచి, పూర్తిగా ఆరాకే మూత పెట్టండి. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసుకోండి. రైస్ మిల్లు దగ్గర ఊక బూడిద, క్రషర్ల దగ్గర రాతి దుమ్ము గరుగ్గా ఉంటాయి, గుడ్డ పెట్టి రుద్దితే గీతలు పడతాయి. ముందు రబ్బరు బుడ్డితో ఊది, మెత్తటి బ్రష్‌తో దులిపి, అప్పటికీ పోకపోతేనే లెన్సు క్లీనర్ వాడండి. కాస్త దుమ్ము ఉన్నా చూపుకు వచ్చే నష్టం తక్కువే. ఊరికే తుడుస్తూ కూర్చుంటే వచ్చే నష్టమే ఎక్కువ.